కూలి – కూలీ

ఆంగ్ల నిఘంటువుల్లో తెలుగు నేలతో చుట్టరికం గల మాటలు కొన్ని కనిపిస్తాయి. పొలాల గట్లను తవ్విపోసే పెద్ద ఎలుకకు ఆంగ్లేయులు పెట్టుకొన్న 'బాండికూట్' అనే పేరు తెలుగువారి 'పందికొక్కే'. 'గోల్కొండ' అనే ఊరిపేరు ఆంగ్లంలో అంతులేని సంపదకు పర్యాయపదమయింది. భాషాభిమానులు సభల్లో ఈ మాటలను ఉదాహరించి సంతోషిస్తారు. సంతోషించవలసిందే. అయితే అదే వరుసలో నిలువదగిన మరొక మాట దగ్గరికి వచ్చేసరికి వారు ఎందుకో మౌనం వహిస్తారు. ఆ మాట 'కూలీ'.

ఆంగ్ల నిఘంటువులు నేడు ఈ మాట పక్కన ఒక హెచ్చరికను చేర్చి ముద్రిస్తున్నాయి. ఇది అవమానకరమైన ప్రయోగమని ఆ హెచ్చరిక సారాంశం. దక్షిణాఫ్రికాలోనూ, వెస్టిండీస్ దీవుల్లోనూ భారతీయ సంతతివారిని ఈ మాటతో పిలిస్తే అది తిట్టు కిందనే లెక్క. కాని మాట పుట్టిన భాషల్లో అది తిట్టు కాదు. అసలు మనిషి పేరే కాదు. చేసిన పనికి ముట్టవలసిన ప్రతిఫలం పేరు. ప్రతిఫలాన్ని చెప్పే మాట మనిషికి పేరై, ఆ పేరు తిట్టుగా ఎట్లా పరిణమించింది? భాషాశాస్త్రం చదువుకొనేవారికి ఇది ఆసక్తికరమైన ప్రశ్న. నల్లగొండ, పాలమూరు సీమల్లో పుట్టినవారికి ఇది కేవలం ఆసక్తితో ముగిసే ప్రశ్న కాదు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయిన జిల్లాకు ప్రజల నోట నిలిచిన పాతపేరు పాలమూరు. 'పాలమూరు కూలీ' అనే జంటపదం దేశంలో పెద్ద కట్టడాలు లేచిన చోటల్లా వినిపించినదే.

'కూలి' ద్రావిడ భాషల్లో అతిపురాతనమైన మాట. తెలుగు, తమిళం, కన్నడం, మలయాళం – ఈ నాలుగింటిలోనూ అది ఒకే రూపంతో ఉంది. అర్థమూ ఒకటే: పనికి ఇచ్చే సొమ్ము, శ్రమకు ముట్టే వెల. ఒక భాష మరొక భాష నుంచి అరువు తెచ్చుకొన్నదనుకొన్నా ఆ అరువు చాలా పాతదే కావాలి. తిరువళ్లువర్ రచించిన తిరుక్కురళ్‌లో ప్రయత్నశీలతను ప్రశంసించే అధికారం ఒకటి ఉంది. అందులో ఈ మాట ప్రయుక్తమయింది. దైవం అనుకూలించకపోయినా శరీరకష్టానికి తగిన ఫలం దక్కి తీరుతుందని చెప్పవలసి వచ్చినప్పుడు ఆ కవి ఎన్నుకొన్న మాట 'కూలి'. విధికి ఎదురుగా నిలబెట్టదగినంత గౌరవం ఆ మాటకు ఆనాడు ఉన్నదన్నమాట.

తమిళదేశంలో ప్రచారంలో ఉన్న ఒక శైవకథ ఈ సందర్భంలో స్మరింపదగినది. మధురలో వైగైనది పొంగి గట్టు తెగినప్పుడు ఇంటికొకరు వచ్చి తమ వంతు గట్టు వేయాలని పాండ్యరాజు ఆజ్ఞాపించాడు. పిట్టు అమ్ముకొని బతికే వంది అనే ముసలమ్మకు ఎవరూ లేరు. ఆమె తరఫున మట్టి మోయడానికి పరమేశ్వరుడే కూలివాడై వచ్చాడు. కూలి ఏమిటంటే, ఆనాడు ఆవిరిమీద ఉడికించిన పిట్టులో పొడిపొడిగా రాలిపోయిన భాగం. ఆయన తిన్నాడు, ఆడాడు, పాడాడు, నిద్రపోయాడు. పని మాత్రం సాగలేదు. రాజు బెత్తంతో కొడితే ఆ దెబ్బ రాజుతో సహా లోకంలోని ప్రాణులందరి వీపుల మీదా పడింది. మధురలో ఈ లీలను ఏటేటా ఉత్సవంగా జరుపుకొంటారు. కథలో గమనింపవలసినది ఒకటుంది. దేవుడంతటివాడు కూడా కూలి మాట్లాడుకొన్న తరువాతనే తట్ట ఎత్తుకొన్నాడు.

తెలుగులోనూ ఈ మాట చరిత్ర ఇట్లాగే ఉంది. 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ తెలుగు–ఆంగ్ల నిఘంటువులో 'కూలి' అంటే వేతనం. పనిచేసే వ్యక్తిని చెప్పాలంటే 'కూలివాడు' అని మరొక మాట చేర్చాలి. కూలిమనిషి, కూలిజనం అన్న సమాసాల తీరు కూడా అదే. కోతకూలి, మోతకూలి అన్నప్పుడు కోతకు వచ్చిన మనిషి స్ఫురించడు. కోతకు ఇచ్చే ధాన్యమో, రొక్కమో స్ఫురిస్తుంది. 'కూలినాలి చేసుకొని పిల్లలను చదివించారు' అనే వాక్యంలో కనిపించేది ఒక జీవనోపాయం, ఒక పట్టుదల. నీచత్వం లేశమైనా లేదు.

తెలంగాణ పల్లెల్లో దీనికి ఇంకా చక్కని రూపం ఒకటి ఉంది. అది 'కైకిలి'. 'కై' అంటే చేయి. 'కైకూలి' నోటివాడుకలో ఒదిగి 'కైకిలి' అయింది. ఇందులో మరొక విశేషం దాగి ఉంది. తెలుగులో పదం మొదట ఉన్న క-కారం ఇ, ఎ వంటి తాలవ్యాచ్చుల ముందు చ-కారంగా మారిపోయిందని భాషాచరిత్ర చెబుతుంది. కన్నడంలో 'కివి' తెలుగులో 'చెవి' అయినది ఆ మార్పు వల్లనే. అట్లాగే ప్రాచీనమైన 'కై' తెలుగులో 'చేయి' అయింది. పాత 'కై' రూపం కైకొను, కైమోడ్పు, కైదండ వంటి కొన్ని మాటల్లో మిగిలిపోయింది. ఇవన్నీ కావ్యభాషలో కనిపించే మాటలు. నిత్యవ్యవహారంలో ఆ 'కై'ని నిలుపుకొన్నవారు ఎవరంటే నాట్లకూ, కలుపుకూ పోయే ఆడవారు. కావ్యాలలో పండితులు వెదుకుకొనే రూపం వారి నోట పొద్దున్నే పలుకుతూ ఉంటుంది. మాండలికమని చిన్నచూపు చూసే మాటల్లో ఎంత ప్రాచీనత దాగి ఉంటుందో తెలియడానికి ఈ ఒక్క మాట చాలు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మాటల పుట్టుక చెప్పడమంటే ధ్వని పోలికను పట్టుకొని కథ అల్లడం కాదు. ఒళ్లు కూలేటట్లు పనిచేస్తాడు గనుక 'కూలి' అని కొందరంటారు. 'కూడు' కోసం చేసేది గనుక 'కూలి' అని మరికొందరంటారు. వినడానికి ఇంపుగానే ఉంటాయి. ఇట్లాంటి ఊహలను భాషాశాస్త్రంలో లోకనిరుక్తి అంటారు. సోదరభాషల రూపాలు, ధ్వనిపరిణామ సూత్రాలు, పాత ప్రయోగాలు – ఈ మూడూ కలిసి సాక్ష్యం చెప్పినప్పుడే వ్యుత్పత్తి నిలుస్తుంది. సొంతభాష మీది ప్రేమతో ఈ నియమాన్ని సడలిస్తే ప్రపంచంలోని మాటలన్నీ తెలుగు నుంచే పుట్టాయని చెప్పవచ్చు. చెప్పేవారూ లేకపోలేదు.

అందుచేత ఆంగ్లంలోని 'కూలీ' విషయంలోనూ ఉన్నదున్నట్లు చెప్పుకోవాలి. ఆంగ్లేయుల భారతీయ పదాలను వివరిస్తూ యూల్, బర్నెల్ అనే పండితులు 1886లో 'హాబ్సన్–జాబ్సన్' అనే కోశాన్ని ప్రకటించారు. గుజరాత్, కొంకణ తీరాల్లోని 'కోలీ' అనే జాతి పేరే ఈ మాటకు మూలమై ఉంటుందని వారి మొగ్గు. పడమటి తీరానికి ముందుగా వచ్చిన పోర్చుగీసువారు ఆ జాతివారిని మోతపనులకు పెట్టుకొని, తరువాత మోతపని చేసే ప్రతివారిని ఆ పేరుతోనే పిలిచారన్నది ఆ వాదం. వారే దక్షిణభాషల్లోని 'కూలి'నీ ప్రస్తావించారు. దీనికి తోడు తురుష్క భాషలో 'కుల్' అంటే దాసుడు, బానిస. ఆ మాట నీడ కూడా దీనిమీద పడి ఉండవచ్చునని పండితులు భావిస్తారు.

ఈ మూడో మూలం తెలంగాణ పాఠకులకు మరింత దగ్గరిది. నల్లగొండ, పాలమూరు ప్రాంతాలు గోల్కొండ రాజ్యంలోనివి. ఆ రాజవంశ స్థాపకుడు సుల్తాన్ కులీ. 1591లో హైదరాబాదు నగరాన్ని నిర్మించినవాడు మహమ్మద్ కులీ కుతుబ్ షా. ఆ పేర్లలోని 'కులీ'కి సేవకుడు అని అర్థం. దైవసేవకులమని, మహనీయుల దాసులమని వినయంతో పెట్టుకొన్న పేర్లవి. తెలుగులో రామదాసు, శివదాసు అన్నట్లే. ఉర్దూలో మూటలు మోసేవాడిని చెప్పే మాటనూ, ఈ సుల్తానుల పేరులోని 'కులీ'నీ ఒకే అక్షరాలతో రాస్తారు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో కాగితం మీద చూస్తే రాజుపేరులో ఉన్నదీ, రైలుస్టేషనులో వినబడేదీ ఒకే మాట! రాజు పేరులో అది వినయం. మోతగాడి విషయంలో అది హీనత. అక్షరాలు ఒకటే అయినా వాటిని మోసే నెత్తిని బట్టి వాటి బరువు మారింది.

ఇన్ని పాయలు కలిసిన మాటకు ఒక్క పాయనే మూలమనడం సాహసమే. అయినా ఒక సంగతి తోస్తుంది. కోలీ అనే జాతి పేరు మనిషిని సూచిస్తుంది గాని జీతాన్ని సూచించదు. దినవేతనం మీద పనిచేసేవాడనే అర్థం ఆంగ్లపదంలో స్థిరపడిందంటే దానికి ఆధారం దక్షిణాది 'కూలి'లోనే వెదకాలి. పడమటి తీరం నుంచి ఒకటి, తూర్పు తీరం నుంచి ఒకటి, ఒకేలా వినబడే రెండు మాటలు విదేశీయుల చెవిలో ఒకటైపోయాయని భావించడం సమంజసం.

అర్థం మారడమనేది వింత కాదు. ఇచ్చే వస్తువు పేరు పుచ్చుకొనేవానికి సంక్రమించడాన్ని భాషాశాస్త్రంలో లక్ష్యార్థసిద్ధి అనవచ్చు. మంచి అర్థం గల మాట నీచార్థంలోకి దిగజారడం అర్థాపకర్ష. 'కంపు' అంటే ఒకనాడు కేవలం వాసన, నేడు దుర్వాసన. 'ఛాందసుడు' అంటే వేదాధ్యయనపరుడు. నేడు లోకం తెలియని చాదస్తుడు. అయితే ఈ మాటలు తెలుగులోనే ఉంటూ, తెలుగువారి నోటనే, మెల్లమెల్లగా జారిపోయాయి. 'కూలి' సంగతి అట్లా కాదు. దాన్ని ఓడలెక్కించి దించారు.

బ్రిటిషు వలసల్లో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1834లో అమలులోకి వచ్చింది. చెరకుతోటలకు మనుషులు కావాలి. అదే ఏడు నవంబరు 2న 'అట్లాస్' అనే ఓడ భారతీయ శ్రామికులతో మారిషస్ చేరింది. ఆ తరువాత దాదాపు ఐదు లక్షల మంది ఆ చిన్న దీవిలో దిగారు. దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి ఓడ 'ట్రూరో' మద్రాసు రేవు నుంచే వెళ్లింది. అది 1860 నవంబరు 16న డర్బన్ తీరాన్ని తాకింది. 1911 వరకు అక్కడికి వెళ్లిన 1,52,184 మందిలో తమిళులతో పాటు తెలుగువారు కూడా పెద్దసంఖ్యలో ఉన్నారు. ఐదేళ్ల ఒప్పందం, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం. ఒప్పందపత్రంలో జీతం రాసే ఉన్నది. కాని ఆ జీతానికి ద్రావిడభాషలు పెట్టిన పేరు మాత్రం కాగితం మీద లేదు. మనిషి నొసటికి చేరింది.

అక్కడితో ఆగలేదు. తోటల్లో గడ్డపార పట్టినవారిని ఉద్దేశించిన మాట, సొంతఖర్చులతో ఓడెక్కి వెళ్లిన వర్తకులకు, గుమాస్తాలకు, ఉపాధ్యాయులకు కూడా అంటింది. 1893లో దక్షిణాఫ్రికాలో అడుగుపెట్టిన గాంధీజీని అక్కడి తెల్లవారు 'కూలీ బారిస్టరు' అన్నారు. ఆయన తన ఆత్మకథలో ఈ మాటను గురించే కాక 'సామి' అనే మాటను గురించి కూడా చెప్పాడు. రామసామి, కుప్పుసామి వంటి పేర్ల చివరిభాగాన్ని పట్టుకొని తెల్లవారు భారతీయులను 'సామి' అని హేళనగా పిలిచేవారట. సామి అంటే స్వామి, అనగా యజమాని. నేను మీ యజమానిని కానే అని కొందరు భారతీయులు బదులు చెప్పేవారట. మాటకు మూలం తెలిసి ఉండడం ఒక్కొక్కసారి ఎంత పదునైన ఆయుధమో దీన్నిబట్టి ఊహించవచ్చు. 'కూలీ' అని పిలిచినవారికి మాత్రం అట్లా బదులు చెప్పినవారు ఉన్నట్లు కనిపించదు. 'ఏదీ, ఇవ్వండి మరి!' అని చేయి చాపి ఉంటే సరిపోయేది.

చైనావారు ఈ మాటను తమ లిపిలో రాసుకొన్న తీరు మరీ ఆశ్చర్యకరం. 'కూ–లీ' అని పలికే రెండు అక్షరాలను వారు ఎన్నుకొన్నారు. మొదటిదానికి చేదు, కష్టం అని అర్థం. రెండోదానికి బలం అని అర్థం. వెరసి 'చేదుశ్రమ'. క్యూబా, పెరూ దేశాలకు తరలిపోయిన చైనా శ్రామికుల బతుకు అదే గనుక ఆ అక్షరాలు అక్కడ నిలిచిపోయాయి. ఇది లోకనిరుక్తియే, వ్యుత్పత్తి కాదు. అయినా దీన్ని తప్పని కొట్టివేయడానికి మనసొప్పదు.

సముద్రాల మీద ఈ మాట ఇట్లా నీచమవుతున్న కాలంలోనే నల్లగొండ సీమలో పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. అక్కడ కూలి దొరకడమే భాగ్యం. ఊళ్లలో ఉన్నది కూలి కాదు, వెట్టి. ఈ 'వెట్టి' సంస్కృతంలోని 'విష్టి' నుంచి వచ్చింది. రాజుకు ప్రతిఫలం లేకుండా చేసిపెట్టే పనిని కౌటిల్యుని అర్థశాస్త్రం విష్టి అన్నది. దేశముఖుల గడీల్లో చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలుగా వృత్తుల వారందరూ వంతులవారీగా వెట్టి చేయవలసిందే. అధికారి ఊరికి వస్తే మూటలు మోయాలి. బండికి ముందు పరుగెత్తాలి. సురవరం ప్రతాపరెడ్డి పాలమూరు బిడ్డ. ఆయన అధ్యక్షతన 1930లో జోగిపేటలో మొదటి సమావేశం జరుపుకొన్న నిజాం రాష్ట్రాంధ్ర మహాసభ, తరువాతి సంవత్సరాల్లో వెట్టికి వ్యతిరేకంగా గొంతెత్తింది. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమురయ్య దేశముఖు మనుషుల తుపాకికి బలి అయ్యాడు. నేడు జనగామ జిల్లాలో ఉన్న ఆ ఊరు ఆనాడు నల్లగొండ జిల్లాలోనిది. అప్పటినుంచి 1951 వరకు సాగిన సాయుధ పోరాటంలో భూమితో పాటు వెట్టి రద్దు, కూలిరేట్ల పెంపు కూడా ప్రధానమైన కోరికలు.

కూలిరేటు కోసం ప్రాణాలొడ్డిన నేలమీద 'కూలి' నీచమైన మాట ఎట్లా అవుతుంది? వెట్టివాడు కూలివాడు కావడమంటే అతని చెమటకు ఒక వెల ఉన్నదని ఊరు ఒప్పుకోవడమే. ఆంగ్లంలో బానిసకు బదులుగా వచ్చినవాడు 'కూలీ' అయి బానిసకు దగ్గరగానే ఉండిపోయాడు. నల్లగొండలో వెట్టిని వదిలించుకొన్నవాడు కూలికి ఎక్కాడు. ఒకే మాట ఒకచోట దిగుడుమెట్టు, మరొకచోట ఎక్కుడుమెట్టు.

అయితే వెళ్లిన మాట ఊరకే ఉండదు, తిరిగి వస్తుంది. తెలుగులో నేడు 'కూలి' వేరు, 'కూలీ' వేరు. మొదటిది హ్రస్వాంతం, వేతనం. రెండోది దీర్ఘాంతం, మనిషి. ఈ దీర్ఘాంతరూపం పాత తెలుగు పద్ధతికి చెందినది కాదు. ఉర్దూ, ఆంగ్లాల మీదుగా తిరిగివచ్చిన రూపమే అది. పందికొక్కు ఆస్ట్రేలియా దాకా వెళ్లి అక్కడ మరొక జంతువుకు పేరయింది. తెలుగులోని పందికొక్కుకు దానివల్ల నష్టమేమీ కలగలేదు. కూలి మాత్రం వెళ్లేటప్పుడు జీతంగా వెళ్లి, వచ్చేటప్పుడు జీతం లేని మనిషిగా వచ్చింది.

పాలమూరు వలసకూలీల బతుకులో ఇది కంటికి కనిపించే సత్యం. వానలు తక్కువ, చెరువులు నిండని ఏళ్లు ఎక్కువ. గుంపుమేస్త్రీ ఊరికి వచ్చి అడ్వాన్సు ఇస్తాడు. ఆలుమగలు పిల్లలను ముసలివారికి ఒప్పజెప్పి లారీ ఎక్కుతారు. ఈ 'మేస్త్రీ' కూడా తెలుగుమాట కాదు. పోర్చుగీసువారి 'మెస్త్రె' నుంచి వచ్చింది. దానికి మూలం లాటిన్‌లోని 'మగిస్తెర్', అంటే పెద్ద, అధికుడు. ఆంగ్లంలోని 'మాస్టర్' కూడా ఆ కుదురు నుంచి పుట్టినదే. అనగా బడిలో పాఠం చెప్పే మాస్టారూ, పనిదగ్గర గుంపును నడిపే మేస్త్రీ వ్యుత్పత్తి రీత్యా దాయాదులు. ఒకే పనిస్థలంలో పనిచేయించేవాని పేరు రోము నుంచి దిగివచ్చింది. పనిచేసేవాని పేరు దక్కను నుంచి ఎగిరిపోయి, చెడి, తిరిగివచ్చింది. ఇక అడ్వాన్సు సంగతి. పని మొదలుకాకముందే చేతికి వచ్చిన సొమ్ము కూలి కాదు, అప్పు. ఆ అప్పు తీరేవరకు చేసేది కూలిపని అనిపించుకొంటుంది గాని అందులో కూలి ఉండదు. వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 1976లో వచ్చింది. అడ్వాన్సు రూపంలో ఉన్న వెట్టిని గుర్తుపట్టడానికి మాత్రం చట్టానికి చాలాకాలం పట్టింది.

నందికొండ దగ్గర 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరం రాతికట్టడం. మనుషులు తలల మీద రాయి, ఇసుక మోసి కట్టిన ఆనకట్ట. ఆ మోసినవారిలో పాలమూరు కూలీలు ఉన్నారు. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు వదిలారు. ఎడమకాలువ నీరు మిర్యాలగూడ, హుజూర్‌నగర్ పొలాలకు పారింది. అక్కడ వరి పండింది, బియ్యపు మిల్లులు లేచాయి. ఆ ప్రాజెక్టు ఆయకట్టులో పాలమూరు పొలం లేదు. వైగైగట్టు కథలో కనీసం పిట్టు పొడి ఉన్నది.

ఈ మాటను వదిలివేసి మరొక మాట వాడుకొంటే సరిపోదా అని కొందరంటారు. 2016 రైల్వే బడ్జెటులో రైలుస్టేషన్లలోని కూలీలను ఇకమీదట 'సహాయక్' అని పిలవాలని ప్రకటించారు. భాషాశాస్త్రంలో దీన్ని సభ్యోక్తి అంటారు. ఉద్దేశం మంచిదే. అయితే స్టేషనులో లైసెన్సు బిళ్ల కట్టుకొని మూటలు మోసేవానికి రైల్వే నుంచి జీతం లేదు. ప్రయాణికుడు ఇచ్చినదే ఆదాయం. పాతపేరులో లేని జీతం కొత్తపేరులోనూ లేదు. మారిషస్ విషయం వేరు. పోర్ట్ లూయీ రేవులో ఒప్పంద శ్రామికులు దిగిన మెట్లకు ఒకనాడు 'కూలీ ఘాట్' అని పేరు. ఆ శ్రామికుల మనుమలు, మునిమనుమలు తమదైన దేశంలో దానికి 'ఆప్రవాసి ఘాట్' అని పేరు మార్చుకొన్నారు. 2006లో అది ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందింది. తిట్టు తిన్నవారి సంతతి ఆ తిట్టును తుడిచివేసుకోవడం వారి హక్కు. ఆ ద్వీపంలోనే ఖాల్ తొరాబుల్లీ అనే కవి ఆ తిట్టునే తలెత్తి చెప్పుకొంటూ 'కూలిట్యూడ్' అనే భావనను రూపొందించాడు. తుడిచివేయడమా, తలకెత్తుకోవడమా అన్నది వారు తేల్చుకోవలసిన విషయం. పైనుంచి ఒక కార్యాలయం నిర్ణయించేది కాదు.

పేరు కన్న ముఖ్యమైనది మరొకటి ఉంది. పత్రికల్లో ప్రమాదవార్తలు చూస్తే 'లారీ బోల్తా: నలుగురు కూలీల మృతి' అనే శీర్షిక తరచుగా కనిపిస్తుంది. అధికారి మరణిస్తే పేరు ఉంటుంది. కూలీ మరణిస్తే సంఖ్య ఉంటుంది. ఉపాధి హామీ పథకం 2006లో మొదటి విడతగా రెండు వందల జిల్లాల్లో ప్రారంభమయినప్పుడు వాటిలో నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. ఆ పథకంలో లోపాలు ఉన్నాయి, ఆలస్యాలు ఉన్నాయి. కాని దాని జాబ్‌కార్డు మీద మనిషి పేరు, ఫొటో ఒకచోట. చేసిన దినాలు, ముట్టిన కూలి మరొకచోట విడివిడిగా రాశారు. మనిషి వేరు, కూలి వేరు అని బ్రౌన్ నిఘంటువు చూపిన తేడాను ఒక ప్రభుత్వ కాగితం మళ్లీ పాటించింది. ఆ కార్డు తయారుచేసినవారికి ఈ వ్యుత్పత్తి తెలిసి ఉండకపోవచ్చు.

ఈ జిల్లాల జూనియర్ కళాశాలల్లో ప్రవేశదరఖాస్తు నింపేటప్పుడు 'తండ్రి వృత్తి' అన్న గడి దగ్గర కలం ఒక క్షణం ఆగే విద్యార్థులు చాలామంది. కొందరు 'వ్యవసాయం' అని రాసి ఊరుకొంటారు. కొందరు ఇంట్లో విన్నట్లుగా 'కూలి' అని హ్రస్వంతోనే రాస్తారు. దరఖాస్తు సరిచూసేవారు దాన్ని అక్షరదోషమనుకొని పైన దీర్ఘం పెడతారు. అది దోషం కాదు. తండ్రి ఏమిటన్నది అక్కడ రాయలేదు. తండ్రికి ఏమి రావలసి ఉన్నదో రాశారు. గ్రంథాలయంలో బ్రౌన్ నిఘంటువు ఉంటే క-కారం దగ్గర తెరిచి చూడవచ్చు. అక్కడ ఉన్నది హ్రస్వమే.